ఇరవై ఒక్క గొర్రెల లెక్క



పోయిన ఆదివారం మీటింగులో చందాల లెక్క అయిపోయాక చాయ్ తాగుతుంటే ఒక ముచ్చట లేచింది. లేబర్ క్యాంపులో ఉండే మన పిల్లగాడొకడు (పేరు రాయను, అందరికీ తెలిసినవాడే) ఊరికి పోయి గొర్రెలు పెడతానంటున్నాడు. నారాయణపేట అవతల వాళ్ళ ఊరు. ఇక్కడ దాచుకున్నది, కంపెనీ మూసేసినప్పుడు చేతికొచ్చిన ఫండు, చెల్లెలి దగ్గర తీసుకునే చేబదులు, అన్నీ కలిపి పెడతాడట. "ఇరవై ఆడజీవాలు, ఒక పొట్టేలు పెద్దనాయినా. రెండేండ్లల్ల డబులైతయి" అన్నాడు.

సగం మంది శభాష్ అన్నారు. మన కులవృత్తి, మన మల్లన్న దేవుడు, ఈ మురికిలో ఏముంది అన్నారు. మిగతా సగం నవ్వారు. చివరికి అందరూ నా మీద పడ్డారు: రైల్వేలో ముప్పై ఎనిమిదేండ్లు లెక్కలు రాసినోడివి, నువ్వే చెప్పు అని. చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేలోపు చెప్పే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను. పొడుగైంది, ఓపిక పట్టండి. నా చదువంతా తమిళ మీడియంలో నడిచింది. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి, నవ్వినా ఏమనుకోను.

మా తాత దగ్గర నూరు చిల్లర జీవాలుండేవి. నల్ల గొర్రెలు, దక్కనీ జాతి. మేము కురుమలం. గొల్లలు గొర్రెల్ని కాస్తారు. కురుమలు కాస్తారు, ఉన్ని కూడా వడుకుతారు, గొంగడి నేస్తారు. తాతకు భూమి రెండెకరాల లోపు, అదీ రాళ్ళ చెలక. నేను చిన్నప్పుడు నాయినను అడిగాను: రెండెకరాలతో నూరు గొర్రెల్ని ఎట్లా మేపిండు అని. నాయిన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసి, "గొర్రెలకు సొంత భూమి ఎందుకురా" అన్నాడు.

గొర్రెల వ్యవహారమంతా ఆ ఒక్క మాటలో ఉంది. నాకు అర్థం కావడానికి చాలా ఏండ్లు పట్టింది.

వానాకాలం పంటలు నిలబడి ఉన్నప్పుడు మంద గుట్టల మీద, బంచరాయిలో మేసేది. బంచరాయి అంటే ఊరి పశువులకని వదిలిన బీడు. జొన్న కోశాక, వేరుశనగ పీకాక, మంద పొలాల్లోకి దిగేది. కొయ్యకాళ్ళు, రాలిన ఆకు, కలుపు అన్నీ గొర్రెలకే. అది ఊరికే ఇచ్చింది కాదు. రాత్రి అదే పొలంలో మంద పడుకోవాలి. తెల్లారేసరికి పొలమంతా పెంట, మూత్రం. రైతు దానికి జొన్నలు కొలిచి ఇచ్చేవాడు, మా తాతకు రాత్రి కూడు పెట్టేవాడు. ఒక రైతు ఇన్ని రాత్రులు అంటే, పక్క రైతు నాకూ కావాలనేవాడు. మంద కోసం రైతులు వరుసలో నిలబడ్డ రోజులవి. ఎండలు ముదిరాక చెరువు శిఖాల్లోకి, కృష్ణ ఒడ్డుకి, కొందరు నల్లమల దాకా తోలుకుపోయేవాళ్ళు.

అంటే గొర్రెల కాపరికి రాబడి మాంసం ఒక్కటే కాదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించే ఉన్ని ఉంది, పెంట మీద వచ్చే తిండిగింజలున్నాయి. పిల్లలు, పొట్టేళ్ళు ఆఖరుకి. పెండ్లికో, రోగానికో, పట్టేలు అప్పుకో మాత్రమే జీవాన్ని అమ్మేవాళ్ళు. గొర్రెల్ని అమ్మి బతకడం కాదు, గొర్రెల్ని ఉంచుకొని బతకడం.

ఇక్కడ ఒక మాట. నాకు ఈ సంగతి మొదట చెప్పింది తెలుగు పుస్తకం కాదు. ధారావిలో మా పక్క ఇళ్ళు తిరునల్వేలి వాళ్ళవి. నేను చదివింది తమిళ బడి. అక్కడి మాస్టారొకాయన కి. రాజనారాయణన్ రాసిన 'కిడై' అనే చిన్న నవల ఇచ్చారు. తమిళంలో కిడై అంటే మంద పడుకునే చోటు. ఆయనది కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. రాసింది మాత్రం తమిళంలో. దక్షిణాదికి పోయిన తెలుగువాళ్ళ మీద రాసిన 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. 'కిడై' చదివి ఇంటికొచ్చి నాయినకు తెలుగులో చెప్తే, "అరవోళ్ళ దగ్గర కూడా మంద ఇట్లనే పండుతదా" అని ఆశ్చర్యపోయాడు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడాడు. నాకు మా తాత గురించి తెలిసిందంతా ఆ రాత్రిదే అనుకోండి.

సరే, సంగతిలోకి వస్తాను. భూమి తనది కానప్పుడు మేపు ఒక ఒప్పందం మీద నడుస్తుంది. ఒప్పందం బాగున్నంత కాలం మంద బాగుంటుంది. ఇది మన దగ్గర చాలా పాత సంగతి. కాటమరాజు కథ కొమ్మువాళ్ళు పాడగా విన్నవాళ్ళు మనలో పెద్దవాళ్ళుంటారు. పదమూడో శతాబ్దం నాటి కథ. కనిగిరి వైపు కరువొస్తే కాటమరాజు ఆవుల మందల్ని నెల్లూరు రాజు సీమలోకి తోలుకుపోయాడు. మేపుకు బదులు కోడెదూడలు ఇవ్వాలని ఒప్పందం. తర్వాత అది చెడింది. ఎందుకు చెడిందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా పాడతారు. చివరికి పుల్లరి కట్టమని రాజు, కట్టనని కాటమరాజు, పంచలింగాల దగ్గర యుద్ధం. ఖడ్గతిక్కన ఆ యుద్ధంలోనే పోయాడంటారు. వీరగాథ అని పాడుకుంటాం గానీ, గుమాస్తా కళ్ళతో చూస్తే అది మేపు బిల్లు మీద తగాదా.

అదే పుల్లరి మళ్ళీ 1921లో పల్నాడులో వచ్చింది. ఈసారి రాజు స్థానంలో అటవీ శాఖ. అడవిలో మేసినందుకు పన్ను కట్టమన్నారు, ఊళ్ళు కట్టమన్నాయి. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలయ్యాడు. మన పిల్లలకు దీన్ని స్వాతంత్ర్య పోరాటంగా చెప్తాం, నిజమే. కానీ ఆ పోరాటం మొదలైంది గడ్డి దగ్గర.

మా తాత ఒప్పందాన్ని చెడగొట్టడానికి ఏ రాజూ రాలేదు. కొద్దికొద్దిగా పోయింది. యూరియా బస్తా వచ్చింది, రైతుకు మంద కోసం ఆగాల్సిన పని తప్పింది. బోర్లు వచ్చాయి, ఒక పంట కోసిన వెంటనే రెండో పంట వేశారు. పొలం ఖాళీగా ఉంటే కదా గొర్రె దిగేది. పత్తి వచ్చాక, మందు కొట్టిన చేలలోకి జీవాల్ని తోలాలంటే కాపరికే భయం. బంచరాయిని పేదలకు పట్టాలుగా పంచారు. అది తప్పని నేననను, భూమి లేనివాడికి భూమి రావాల్సిందే. కానీ పంచేటప్పుడు అందులో మేసేవాళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. శ్రీశైలం డ్యాం నిండినప్పుడు, 1981లో, మన జిల్లాలో, కర్నూలు జిల్లాలో కలిపి వంద పైచిలుకు ఊళ్ళు మునిగాయి. వాటితోపాటు కృష్ణ ఒడ్డు మేపూ మునిగింది. నల్లమలలో పులుల అభయారణ్యం వచ్చింది. తర్వాత వన సంరక్షణ సమితులు, ఆ తర్వాత హరితహారం మొక్కలు. మొక్క కొరికిందని మేకకు జరిమానా వేసిన వార్తలు మీరూ చదివే ఉంటారు.

హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి గొడవ 2025లో టీవీల్లో చూశారు కదా, నాలుగు వందల ఎకరాల చెట్లు, సుప్రీంకోర్టు ఆపడం. అందరూ ఐటీ గురించి, యూనివర్సిటీ గురించి, జింకల గురించి మాట్లాడారు. కంచ అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు. నిజాం కాలంలో పశువుల మేత కోసం ఉంచిన భూమిని కంచ అనేవాళ్ళు. ఇమారత్ కంచ, రావిర్యాల కంచ, ఆ పేర్లన్నీ అవే. గడ్డి పోయింది, పేరు మిగిలింది.

ఇంగ్లండులో గొర్రెలు మనుషుల్ని తినేస్తున్నాయని థామస్ మోర్ అనే ఆయన 1516లోనే రాశాడు. అక్కడ ఉన్నికి ధర పెరిగి, దొరలు ఊరుమ్మడి భూములకు కంచెలు వేసి, రైతుల్ని వెళ్ళగొట్టి గొర్రెల్ని పెట్టారు. మన పాలమూరులో తిరగబడింది. ఇక్కడ పొలం, డ్యాం, ప్లాటు వచ్చి గొర్రెను వెళ్ళగొట్టాయి. వెళ్ళగొట్టబడ్డ మనిషి మాత్రం అక్కడా ఇక్కడా పట్నానికే చేరాడు.

ఉన్ని సంగతి వేరే చెప్పాలి, మా అవ్వ బాధ అది. గొంగడి అంటే మన వాళ్ళకు దుప్పటి ఒక్కటే కాదు. వానకు గొడుగు, ఎండకు నీడ, పండుకునే పక్క, పెండ్లిలో పీట మీద పరిచేది. ఆడవాళ్ళు వడకాలి, చింతగింజల గంజి పెట్టాలి, మగవాళ్ళు గుంటమగ్గం మీద నేయాలి. మిల్లు రగ్గులు, ప్లాస్టిక్ కవర్లు వచ్చాక గొంగడి కొనేవాడు లేడు. ఇప్పుడు ఉన్ని అమ్మితే వచ్చేదానికన్నా కత్తిరింపు కూలి ఎక్కువ. కత్తిరించి పారేస్తున్నారు. ఇంకేం చేస్తారు, నల్ల గొర్రెను వదిలి నెల్లూరు జాతి పొట్టేళ్ళను దింపారు. పొడుగ్గా ఉంటాయి, ఉన్ని ఉండదు, మాంసం ఎక్కువ. మాంసానికి అది మంచిదే. కానీ పాలమూరు రాళ్ళలో, ఎండలో, రోజుకు అంత దూరం నడవడానికి నల్ల గొర్రెకున్న గట్టిదనం దానికి లేదని కాపరులే అంటారు. మందుల ఖర్చు పెరిగింది. మూడు రాబళ్ళ వృత్తి ఒక్క రాబడి మీదికి వచ్చింది. నా దృష్టిలో అసలు దెబ్బ ఇదే. మాంసం ధర పెరిగింది కదా అని సంతోషపడేవాళ్ళు, మిగతా రెండు రాబళ్ళూ సున్నా అయ్యాయన్నది చూడరు.

ఇక బొంబాయి సంగతి. కామాఠీపురాకు ఆ పేరు తెలుగువాళ్ళ వల్లే వచ్చింది. నిజాం సీమ నుంచి రైలు లేని రోజుల్లోనే మనవాళ్ళు రాళ్ళ పనికి, మట్టి పనికి వచ్చారు. ఒక్క కులం కాదు, తెలుగువాడు ఎవడైనా ఇక్కడివాళ్ళకు కామాఠీయే. 1871లో బొంబాయి నుంచి రైలు పట్టాలు రాయచూరు చేరి మద్రాసు లైనుతో కలిశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం లైను పడింది. ఆ తర్వాత మన జిల్లాలో కరువొచ్చినప్పుడల్లా మనుషులు రైలెక్కారు. మా నాయిన 1965-66 కరువులో మంద అమ్మి, కృష్ణా స్టేషన్‌లో ఎక్కి, వాడిలో మారి వచ్చాడు. నాకప్పుడు ఐదేండ్లు.

ధారావిలో అప్పుడు తోళ్ళ కార్ఖానాల కాలం. తమిళ ముసల్మానులు పందొమ్మిదో శతాబ్దం చివర మొదలుపెట్టిన పని అది. కబేళా దగ్గర్లో బాంద్రాలోనే ఉండేది, 1971లో దేవ్‌నార్‌కు పోయింది. నాయినకు దొరికిన పని ఏమిటంటే, ఉప్పు పట్టించిన తోళ్ళను చేతిబండి మీద మోయడం. గొర్రెల్ని కాసినవాడు గొర్రె తోళ్ళు మోశాడు. ఊర్లో మాత్రం "కంపెనీలో పని" అని చెప్పేవాడు, చివరిదాకా చెప్పాడు. ఇంట్లో ఒక్కోసారి అనేవాడు: ఈ రోజు బండిలో నల్లజీవం తోళ్ళు వచ్చినయి, మన దిక్కువే అని. తోలు మీద చెయ్యి పెట్టి ఇది మేపు దొరకని జీవం, దీనికి అమ్మతల్లి పోసింది అని చెప్పేవాడు. కార్ఖానా మేస్త్రీ కూడా ఆయన్ని పిలిచి అడిగేవాడట. ఆ తెలివికి కూలిలో ఒక్క పైసా ఎక్కువ రాలేదు.

మద్రాసు వైపు తోళ్ళు పదును పెట్టడానికి తంగేడు చెక్క వాడేవాళ్ళు, తమిళంలో ఆవారం అంటారు. బతుకమ్మలో పెట్టే పువ్వు చెట్టు చెక్కతోనే గొర్రె తోలు పదును పెట్టేవాళ్ళని తెలిసినప్పుడు నాకు చిత్రంగా అనిపించింది. ఇప్పుడు ధారావిలో తోలు పదును పెట్టడం చాలావరకు పోయింది. బయటి నుంచి వచ్చిన తోలుతో బ్యాగులు, బెల్టులు కుడుతున్నారు.

నేను 1983లో రైల్వేలో చేరాను, చాలాకాలం పార్సిల్ ఆఫీసులో పని. తోళ్ళ కట్టల్ని దుర్వాసన సరుకు కింద రాసేవాళ్ళం. తోటి గుమాస్తాలు ముక్కు మూసుకునేవాళ్ళు, నాకు మాత్రం ఆ వాసన నాయిన చొక్కా వాసన.

ఇక ఆ పిల్లగాడి లెక్క. ఇరవై ఒకటి అన్న అంకె వాడిది కాదు, సర్కారుది. 2017 జూన్ 20న కొండపాకలో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక యూనిట్ అంటే ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. ధర 1,25,000, అందులో 75 శాతం సర్కారు, మనిషి కట్టేది 31,250. తర్వాత యూనిట్ ధర 1,75,000 అయింది, వాటా 43,750. పక్క రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. 2012లో 1.28 కోట్లున్న గొర్రెలు 2019 లెక్కల్లో 1.91 కోట్లు అయ్యాయి, దేశంలో తెలంగాణ మొదటి స్థానం. ఇంకోవైపు అవే గొర్రెలు మళ్ళీ మళ్ళీ కాగితాల మీద తిరిగాయన్న ఆరోపణలు, ఏసీబీ కేసు, 2024లో అధికారుల అరెస్టులు. బాగుపడ్డవాళ్ళు లేరని నేననను, మా చుట్టాల్లోనే ఉన్నారు. కానీ వాళ్ళకు ముందే మంద ఉంది, ఈ ఇరవై ఒకటి దాంట్లో కలిశాయి. అదీ కిటుకు.

విడిగా ఇరవై ఒకటి పెట్టుకుంటే చూడండి. గొర్రె ఐదు నెలలు మోసి ఒక పిల్లను వేస్తుంది, కవలలు అరుదు. ఏడాదికి పదహారు పిల్లలు బతికాయనుకోండి, మంచి లెక్కే అది. సగం ఆడవి, మంద పెరగాలంటే ఉంచాలి. ఎనిమిది పోతుపిల్లలు అమ్ముతాడు. ఒక్కోటి ఏడు వేలు వేసుకున్నా 56,000. ధర మీకు తెలిసింది వేసుకొని చూడండి, లెక్క పెద్దగా మారదు. అందులోంచి మందులు, నట్టల నివారణ, ఎండాకాలం దాణా, నీళ్ళ దగ్గర ఖర్చు తీసేయాలి. చిటుకు రోగమో, నీలినాలుకో వస్తే వారంలో సగం మంద పోతుంది. మిగిలింది పన్నెండు నెలలకు పంచితే, ఇక్కడ నాకా మీద నిలబడి అడ్డా కూలికి పోయేవాడి సంపాదనకు దగ్గరికి కూడా రాదు. ఇరవై గొర్రెల వెనుక ఒక మనిషి రోజంతా తిరగాలి, వందకైనా అదే ఒక్క మనిషి. అందుకే తాతలు అన్నదమ్ముల మందలు కలిపి తోలేవాళ్ళు. ఇరవైతో మనిషి బతకడు. వందకు మేపు దొరకదు.

మటన్ కిలో ఎనిమిది వందలు దాటి చాలా రోజులైంది కదా, ఆ డబ్బంతా ఎక్కడికి పోతోంది అని మీరడగొచ్చు. గొర్రెకు ధర ఉంది, నిజమే. గడ్డికి మాత్రం రెవెన్యూ కాగితాల్లో మనిషి పేరు లేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో తిరుగుతూ మేపుకునేవాళ్ళకు మేత హక్కు రాశారు. మంచిదే. కానీ గిరిజనులు కానివాళ్ళు 75 ఏండ్లుగా ఆ అడవి మీద ఆధారపడ్డామని రుజువు చూపించాలి. మా తాత ఏ చెట్టు కింద మంద ఆపాడో రసీదు ఎవరిచ్చారు? ఇది చదువుతుంటే నాకు మన ఖోలీలు గుర్తొచ్చాయి. మనల్ని 2000 జనవరి 1 కంటే ముందు నుంచి ఉన్నట్టు కాగితం తెమ్మంటున్నారు. ఉంటే ధారావిలోనే 350 చదరపు అడుగులు. లేకపోతే ఎక్కడికో. మనలో మెజ్జు మీద ఉన్నవాళ్ళు, కరెంటు బిల్లు వేరేవాళ్ళ పేరు మీద ఉన్నవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. గడ్డిమీదైనా గటారు పక్కనైనా, మనవాళ్ళు మాట మీద బతికారు, కాగితం దాచలేదు.

ఐక్యరాజ్యసమితి 2026ను గడ్డిభూములు, పశుపోషకుల సంవత్సరమని ప్రకటించింది. సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. శాలువా బదులు గొంగడి కప్పితే కొంత నయం.

ఆ పిల్లగాడికి పోవద్దని నేను చెప్పలేదు. ఇక్కడి ఖోలీ పంచుకొని, పేరు తీసేయించుకొని మాత్రం పోవద్దన్నాను. ఇలాంటి టైములో అది పిచ్చిపని. గొర్రె ధర అడగడం తర్వాత, ముందు నాలుగు సంగతులు కనుక్కొని రమ్మన్నాను. ఊర్లో మంద ఉన్న చిన్నాయన తన మందలో వీడి జీవాల్ని కలుపుకుంటాడా, కలిపితే పిల్లల్లో ఎవరి పాలు ఎంత. చైత్ర వైశాఖాల్లో నీళ్ళెక్కడ. కోసిన పొలంలోకి దిగనిచ్చే రైతులు ఎంతమంది మిగిలారు. ఊరి గొర్రెల సొసైటీలో వీడి పేరుందా, ఇరవై ఏండ్లు బొంబాయిలో ఉన్నాడని తీసేశారా. "ఇవన్నీ అడిగితే నవ్వుతరు పెద్దనాయినా" అన్నాడు. నవ్వనీ. నవ్వినాక జవాబు చెప్తారు.

వచ్చే నెల పోయి వస్తానన్నాడు. వాళ్ళ ఊరి బంచరాయి ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబరు, ఇప్పుడు దాంట్లో ఏముంది అన్నది కూడా రాసుకొని రమ్మన్నాను. మీలో మక్తల్, ఆత్మకూరు, కొడంగల్, గద్వాల వైపు వాళ్ళు మీ ఊరి బంచరాయి సంగతి తెలిస్తే కింద రాయండి. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళనడిగి రాయండి, వాళ్ళకు హద్దులతో సహా గుర్తుంటుంది. నేను ఒక నోటుబుక్కు పెట్టాను.